చుక్కమ్మ టీచరు ఇచ్చిన హోంవర్కు

చాలా పెద్ద అడవి అది. ఎంత పెద్దదంటే ఈ చివర వాన కురుస్తుంటే ఆ చివర ఎండుటాకులు తగలబడుతుండేవి. అంత పెద్ద అడవిలోనూ హైస్కూలు మాత్రం ఒక్కటే. వాగు పక్కన మద్దిచెట్ల మధ్య ఉండేది.

ఆ బళ్లో చుక్కల దుప్పి ఒకావిడ ఆటల టీచరుగా పనిచేసేది. పేరు చుక్కమ్మ. ఆటలంటే బంతి చేతికిచ్చి పొమ్మనడం కాదు. ఆ అడవిలో చిరుత తిరిగేది. దాని వాసన తగిలిన మరుక్షణం చెవులు ఎటు తిప్పాలి, ఎటు దూకాలి, వంకర టింకరగా ఎలా పరిగెత్తాలి అన్నదే చుక్కమ్మ నేర్పే పాఠం. అందులో తప్పినవాళ్లకి సప్లిమెంటరీ ఉండదు.

అంత ముఖ్యమైన పాఠం కాబట్టి టైంటేబుల్లో దానికి శనివారం చివరి పీరియడ్ ఇచ్చారు. పరీక్షలు దగ్గరపడితే ఆ ఒక్కటీ లెక్కల మాష్టారు పట్టుకుపోయేవాడు.

ఒక శనివారం చుక్కమ్మ తొమ్మిదో తరగతి పిల్లల్ని మైదానంలో నిలబెట్టి ఈల ఊదింది. ఈల వినగానే తలో దిక్కుకీ పరిగెత్తాలి. ఎవరూ కదల్లేదు. అడవిపంది పిల్ల నోరంతా తెరిచి ఆవులించింది. కణుజు జింక పిల్ల చెట్టుకి ఆనుకుని కళ్లు మూసుకుంది. దూది అనే కుందేలు పిల్ల, పోయినేడు పరుగులో అందరినీ వెనకేసిన పిల్ల, నిలబడ్డచోటే నిలబడి నిద్రపోతోంది.

చుక్కమ్మ వెళ్లి చెవి తట్టితే గానీ దానికి మెలకువ రాలేదు.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది టీచర్. లెక్కలు అయ్యేసరికి తెల్లారిపోయింది," అంది దూది. "పద్యాలు ఇంకా మిగిలాయి. సైన్సు బొమ్మలూ సోషల్ పటాలూ సోమవారం ఇవ్వాలి. ఇంగ్లీషు నిన్నే ఇవ్వాల్సింది, అదీ సోమవారానికి జరిగింది."

"అన్నీ సోమవారానికే ఎందుకు పెట్టుకున్నావు?"

"నేను పెట్టుకోలేదు టీచర్. అందరూ సోమవారమే తెమ్మన్నారు."

చుక్కమ్మకి సంగతి అర్థమైంది. ఆ బళ్లో ఏ మాష్టారికీ పక్క మాష్టారు ఎంత ఇచ్చాడో తెలియదు. తెలిస్తే మరీ ప్రమాదం. పక్కవాడికంటే తక్కువ ఇస్తే తన సబ్జెక్టు చులకనైపోతుందని ఇంకో నాలుగు కలిపేవాళ్లు.

ఆ రాత్రి ఆమెకి మేత సహించలేదు. ఈల వినబడితే లేవని పిల్లలు చిరుత వస్తే లేస్తారా? సోమవారం పొద్దున్నే హెడ్మాష్టరు గారిని అడిగి స్టాఫ్ మీటింగు పెట్టించింది.

హెడ్మాష్టరు ఒక ఎలుగుబంటి. భల్లూకరావు గారు. చలికాలమంతా ఆయనకి నిద్ర, మిగతా కాలమంతా మీటింగులు. రెంటికీ తేడా పైకి కనబడేది కాదు.

"పిల్లలు అలిసిపోతున్నారండీ," అని చుక్కమ్మ చూసిందంతా చెప్పింది. "అందరూ ఒకేసారి ఇవ్వకుండా, కాస్త చూసుకుని ఇస్తే బాగుంటుంది."

లెక్కల మాష్టారు ముళ్లేశ్వరరావుకి కోపం వచ్చింది. ఆయన ముళ్లపంది. కోపం వస్తే ముందు ముళ్లు లేచేవి, తర్వాత మాట లేచేది.

"మా రోజుల్లో ఇంతకి రెట్టింపు చేశాం. మాకేమైంది?" అన్నాడు.

ఆయన పక్కన ఎవరూ కూర్చోలేరు కాబట్టి, ఏమైందో ఇంతవరకూ ఎవరూ ఆయనకి చెప్పలేదు.

తెలుగు చెప్పే రామచిలుక పంచవర్ణం టీచరు అందుకుంది. ఏ మాటైనా మూడుసార్లు అంటేగానీ ఆవిడకి తృప్తి ఉండదు. "ఇంటిపని లేని చదువు ఉప్పు లేని పప్పు," అంది. ఇంకోసారి అంది. మూడోసారి అంటుండగా భల్లూకరావు గారు కళ్లు తెరిచారు.

"చుక్కమ్మ గారు చెప్పింది బాగా ఆలోచించాల్సిన విషయం. అందుకని ఆ ఆలోచించేదేదో ఒక కమిటీకి అప్పగిద్దాం," అన్నారు.

హోంవర్కు భారం తగ్గింపు కమిటీ ఏర్పడింది. దానికి అధ్యక్షుడు ముళ్లేశ్వరరావు, సభ్యురాలు పంచవర్ణం. చుక్కమ్మని కన్వీనరన్నారు. అంటే వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే ఇప్పపూల టీ అందించాలి.

అయినా చివరికి కమిటీ ఒక మంచి మాటే తేల్చింది. ఇకనుంచి పిల్లలకి రాత్రికి గంటన్నరకి మించి పని ఇవ్వకూడదు. ఆటలతో కలిపి ఆరు సబ్జెక్టులున్నాయి కాబట్టి ఒక్కోదానికి పావుగంట. చుక్కమ్మ సంతోషంతో ఆ రోజు వాగు దాకా గెంతుకుంటూ వెళ్లింది. ఆమె వయసుకి గెంతడం కాస్త ఎబ్బెట్టుగానే ఉంది గానీ, చూసినవాళ్లు ఏమీ అనలేదు.

ఎవరి పావుగంట అన్నది ఆమెకి తట్టలేదు.

ముళ్లేశ్వరరావు మాష్టారు పావుగంటలో ఎన్ని లెక్కలవుతాయో స్వయంగా చేసి చూశాడు. ఏళ్ల తరబడి చెబుతున్నవే కాబట్టి చెయ్యి దానంతటది పోయింది. చూస్తే ఇన్నాళ్లూ తాను ఇస్తున్నదానికి రెట్టింపు తేలాయి. "రూలు ప్రకారం చూస్తే నేనే పిల్లలకి అన్యాయం చేశాను," అని నొచ్చుకుని, మర్నాటినుంచి లోటు భర్తీ చేశాడు. పంచవర్ణం టీచరు పావుగంటలో శతకంలో సగం అప్పజెప్పింది. పిల్లలకీ సగం శతకమే ఇచ్చింది. మిగతావాళ్లూ ఎవరి వేగంతో వాళ్లు కొలుచుకున్నారు.

గంటన్నర అనే పేరు మీద దూది ఇప్పుడు పొద్దు పొడిచేదాకా కూర్చుంటోంది.

ఇంతలో హెడ్మాష్టరు గారు చుక్కమ్మని గదిలోకి పిలిపించారు.

"మీ పావుగంట ఖాళీగా ఉంది టీచరు గారూ. వాడుకోకపోతే మురిగిపోతుంది."

"మురిగితే మురగనివ్వండి సార్. ఆటలకి హోంవర్కు ఎందుకు?"

"అలా కుదరదండీ. పైనుంచి అడుగుతారు. మీకు వద్దంటే చెప్పండి, ముళ్లేశ్వరరావు గారు ఎదురుచూస్తున్నారు. ఆయనకి రాసిచ్చేస్తాను."

వాలిపోయిన దూది చెవులు చుక్కమ్మ కళ్ల ముందు మెదిలాయి.

"వద్దు సార్. నేనే వాడుకుంటాను," అంది.

శనివారం తొమ్మిదో తరగతికి వెళ్లి బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసింది. హోంవర్కు: రోజూ పావుగంట ఎక్కువ పడుకోవాలి.

ఇందులో ఏదో మోసం ఉందని పిల్లలందరికీ అనుమానం వచ్చింది.

"ఎన్నిసార్లు రాయాలి టీచర్?" అని అడిగింది అడవిపంది పిల్ల.

"రాయక్కర్లేదు. పడుకోవాలి, అంతే."

"ఏ పాఠంలో ఉంది టీచర్?" అంది కణుజు పిల్ల.

"ఏ పాఠంలోనూ లేదు."

దూది చెయ్యెత్తింది. "ఎప్పటికి తేవాలి టీచర్?"

"నిద్రని మనం తెచ్చేదేముందమ్మా, అదే వస్తుంది," అంది చుక్కమ్మ.

వచ్చింది కూడా. ఆటల టీచరు హోంవర్కు అని ఇంట్లో చెప్పి పిల్లలు ధైర్యంగా పడుకున్నారు. పావుగంట అని కళ్లు మూసుకున్నవాళ్లు గంటల తరబడి లేవలేదు. ఆ పై శనివారానికి దూది చెవులు నిటారుగా నిలబడ్డాయి. చుక్కమ్మ ఈల ఊదీ ఊదకముందే అది వాగు ఒడ్డున ఉంది. తన సర్వీసులో ఇంత తెలివైన పని ఎప్పుడూ చెయ్యలేదనుకుంది చుక్కమ్మ.

ఆ ముచ్చట ఎక్కువ కాలం సాగలేదు. దూది తల్లి బడికొచ్చింది.

"టీచరు గారండీ, మా అమ్మాయి పడుకుందని మీకెలా తెలుస్తుందండీ?"

"పిల్ల మొహం చూస్తే తెలుస్తుంది కదమ్మా."

"మొహాలదేముందండీ. కణుజు వాళ్లబ్బాయి పడుకోకుండానే పడుకున్నానని చెబుతున్నాడట. నిజంగా పడుకున్న మా పిల్లకీ వాడికీ ఒకే మార్కులా?"

"దీనికి మార్కులు లేవమ్మా."

దూది తల్లి చుట్టూ ఎవరైనా వింటున్నారేమోనని చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "మార్కుల్లేకుండా పడుకోబెడుతున్నారా మా పిల్లల్ని?"

మర్నాడు తల్లిదండ్రులంతా కట్టగట్టుకుని హెడ్మాష్టరు గారి దగ్గరికి వెళ్లారు. పిల్లలు పడుకోవడంలో తమకేమీ అభ్యంతరం లేదని, కాకపోతే ఎవరు బాగా పడుకున్నారో తేలాలని వాళ్లు కోరారు. భల్లూకరావు గారికి అది న్యాయమనిపించింది. నిద్ర ఆయనకి బాగా తెలిసిన సబ్జెక్టు. కమిటీని మళ్లీ కూర్చోబెట్టారు.

అలా నిద్ర రికార్డు పుట్టింది. ఏ పక్కకి తిరిగి పడుకున్నారో రాయాలి. ఏం కల వచ్చిందో రాయాలి. ఆ కలకి ఉపోద్ఘాతమూ ముగింపూ ఉండాలని, కలలో ఒక్క సామెతైనా రావాలని పంచవర్ణం టీచరు చేర్పించింది. నిమిషానికి ఎన్ని గురకలు పెట్టారో లెక్కబెట్టి గ్రాఫు గీయాలని ముళ్లేశ్వరరావు మాష్టారు పట్టుబట్టాడు.

"ఎవరి గురక వాళ్లు లెక్కబెట్టుకోవాలంటే మేలుకుని ఉండాలి కదండీ," అంది చుక్కమ్మ.

"శ్రద్ధ ఉంటే అన్నీ కుదురుతాయి," అన్నాడాయన.

పావుగంట నిద్రకి రికార్డు రాయడానికి గంట పట్టేది. అందుకని పిల్లలు ముందు రికార్డు రాసేసేవాళ్లు. అది అయ్యేసరికి పడుకునే వేళ దాటిపోయేది. పోయిన వారం రాసిన పాత కలలు చేతులు మారడం మొదలైంది. ఒకే కల పదిహేను మందికి వచ్చిందని పంచవర్ణం టీచరు పట్టుకుని, ఆ పదిహేను మందినీ అదే కల పదేసిసార్లు రాసుకు రమ్మంది.

ఇలాంటి సమయం చూసే గబ్బిలం దిగింది. వాగు అవతల చింతకొమ్మకి బోర్డు వేలాడదీసింది. శాస్త్రీయ నిద్రా శిక్షణ కేంద్రం. తలకిందులుగా పడుకుంటే చదివినదంతా తలలోకే దిగుతుందని, కాళ్లలోకి పోయి వృథా కాదని అది తల్లులకి నచ్చజెప్పింది. గబ్బిలం పగలంతా పడుకుంటుంది కాబట్టి శిక్షణ రాత్రిపూటే. తల్లులు పిల్లల్ని రెక్కలు పట్టి తీసుకెళ్లి చేర్పించారు.

"నువ్వు కూడానా?" అని అడిగింది చుక్కమ్మ, శనివారం మళ్లీ చెవులు వాల్చుకుని వచ్చిన దూదిని.

"నిద్రలో నాకు బేసిక్స్ లేవట టీచర్," అంది దూది. "చిన్నప్పుడు సరిగ్గా పడుకోబెట్టలేదని మా అమ్మ ఏడ్చింది."

చుక్కమ్మ తిన్నగా హెడ్మాష్టరు గదికి వెళ్లింది.

"సార్, నా పావుగంట నాకొద్దు. తీసేయండి. కావాలంటే లెక్కలకే ఇచ్చేయండి."

"ఎలా తీసేస్తామండీ?" అన్నారు భల్లూకరావు గారు. "ఇప్పుడు మన బడి పేరు దానిమీదే నిలబడింది. పక్క అడవులవాళ్లు చూసిపోవడానికి వస్తున్నారు. పబ్లిక్ పరీక్ష కూడా పెట్టబోతున్నాం."

"నిద్రకా సార్?"

"నిద్రకే. ఇదంతా మీరు నాటిన మొక్క. మీకు గర్వంగా లేదూ?"

చుక్కమ్మకి గర్వంగా లేదు. ఇల్లు కాలుతోందని పరిగెత్తి, నీళ్లనుకుని నూనె కుండ ఎత్తుకొచ్చినట్టుంది. ఆ మాటే అందామనుకుంది గానీ అప్పటికే ఆయన కళ్లు మూసుకున్నారు.

పరీక్ష రోజు వచ్చింది. మిట్టమధ్యాహ్నం మైదానంలో పిల్లలందరినీ వరుసగా పడుకోబెట్టారు. మెడల్లో హాల్ టికెట్లు కట్టారు. కళ్లు తెరిస్తే కాపీ కొట్టినట్టు లెక్క. రెండుసార్లకి మించి పక్కకి దొర్లకూడదు. పైనుంచి తనిఖీకి వచ్చిన అధికారి ఒక కొండముచ్చు. తోక మడుచుకుని నేరేడుకొమ్మ మీద కూర్చున్నాడు.

"ప్రారంభించండి," అన్నారు భల్లూకరావు గారు.

ఆ ముందు రాత్రంతా పిల్లలు చింతకొమ్మకి వేలాడుతూ చివరి రివిజన్ చేశారు. ఒళ్లు నేలకి తగలడమే ఆలస్యం, ఒక్కొక్కరూ రాయిలా పడి నిద్రపోయారు. నటన కాదు, నిజంగానే. దూది నోరు కొంచెం తెరుచుకుంది. అడవిపంది పిల్ల గురక ఎవరూ లెక్కబెట్టకుండా హాయిగా సాగింది.

"ఇంత క్రమశిక్షణ నేనెక్కడా చూడలేదు," అన్నాడు కొండముచ్చు.

చుక్కమ్మ మైదానం అంచున నిలబడి ఉంది. గాలి తిరిగింది. ఆమె ముక్కుపుటాలు అదిరాయి. వాగు ఒడ్డున రెల్లుగడ్డి గాలివాటానికి ఎదురుగా కదిలింది. గడ్డిలో రెండు పచ్చని కళ్లు.

ఆమె ఈల ఊదింది. ఒక్క పిల్ల కదల్లేదు. ఊపిరంతా బిగబట్టి మళ్లీ ఊదింది.

"టీచరు గారూ, పరీక్ష జరుగుతోంది," అన్నాడు ముళ్లేశ్వరరావు విసుగ్గా.

"చిరుత మాష్టారూ. అదిగో."

మాష్టారు చూశాడు. ముళ్లన్నీ నిక్కబొడుచుకుని తల దాచుకుని అక్కడే ముడుచుకున్నాడు. ఇక ఆయనకి ఏ ప్రమాదమూ లేదు. భల్లూకరావు గారు ఆ వయసులోనూ చూస్తుండగా మద్దిచెట్టు ఎక్కేశారు. పంచవర్ణం టీచరు రివ్వున ఎగిరి, ఎవరికీ వినబడనంత ఎత్తునుంచి చిరుత, చిరుత, చిరుత అంది. కొండముచ్చు ఇంకో నాలుగు కొమ్మలు పైకి జరిగి, బయటివాళ్లు ఆవరణలోకి రాకుండా చూసుకోవడం హెడ్మాష్టరు గారి బాధ్యత అన్నాడు.

కింద పిల్లలు పడుకుని ఉన్నారు. చిరుత గడ్డిలోంచి బయటికొచ్చింది. విస్తరి వేసి వడ్డించినట్టున్న మైదానాన్ని చూసి నమ్మలేక కాసేపు అలాగే నిలబడింది. మొదటి వరుసలో మొదటి పిల్ల దూది.

చుక్కమ్మ మనసులో ఇదీ అని ఏ ఆలోచనా లేదు. ముందుకాలు నేలకేసి కొట్టి, చిరుత ముక్కు ముందునుంచి కుంటుతున్నట్టు అడ్డంగా పరిగెత్తింది.

పడుకున్నవి ఎక్కడికీ పోవు, పరిగెత్తేది పోతుంది. చిరుతకి ఆ తొందర పుట్టుకతో వచ్చింది. అది ఆమె వెనక పడింది.

వాగులోకి దూకింది చుక్కమ్మ. అవతలి గట్టెక్కాక కుంటడం మానేసింది. ముళ్లపొదలు చీల్చుకుంటూ, ఇటు రెండు దూకులు, అటు మూడు దూకులు, పిల్లలకి చెప్పినదంతా చేసుకుంటూ పోయింది. చెప్పినంత తేలిక కాదని అప్పుడు తెలిసింది. మోకాళ్లు నొప్పెడుతున్నాయి. రొమ్ము పగిలేలా ఉంది. వెనకతొడ మీద నిప్పు రాసినట్టయింది. పంజా తగిలింది. పడిపోయేదే, ఎలాగో నిలదొక్కుకుని ఎదురుగా కనబడిన వెదురుపొదలోకి దూరింది. వెదుళ్ల సందు చిరుత భుజాలకి చాలలేదు. అది రెండుసార్లు చుట్టూ తిరిగి, నాలుక వేలాడేసుకుని కొండవైపు వెళ్లిపోయింది.

నెత్తురు గడ్డకట్టేదాకా చుక్కమ్మ పొదలోనే పడుకుంది. తర్వాత కాలీడ్చుకుంటూ బడికి వచ్చింది.

పొద్దు వాలుతోంది. పిల్లలు ఇంకా నిద్రపోతూనే ఉన్నారు. పరీక్ష ముగిసినట్టు గంట కొట్టినా లేవలేదట. లేపితే మార్కులు తగ్గుతాయని, తీసుకెళ్లడానికి వచ్చిన తల్లులు లేపనివ్వలేదట. దూది వెనకకాళ్లు నిద్రలోనే చిన్నగా కొట్టుకుంటున్నాయి. ఏ కలలోనో పరిగెడుతోంది. సామెత లేని కలే అయ్యుంటుంది.

చుక్కమ్మ దాని పక్కన నెమ్మదిగా కూలబడింది. తొడ మండుతోంది. అయినా అంతమంది పిల్లలు నిజంగా పడుకుని ఉండడం చూస్తుంటే, ఎన్నాళ్లకో మనసు నెమ్మదించింది. ఎవరూ రాకుండా చెవులు నిక్కించి కాపలా కూర్చుంది. పిల్లలు చీకటి పడ్డాక, ఎవరూ లేపకుండా, వాళ్లంతట వాళ్లే లేచారు.

ఫలితాలు వచ్చాయి. నూటికి నూరు శాతం పాస్. భల్లూకరావు గారికి అడవితీగల దండ వేశారు. నిద్రని వచ్చే ఏడాదినుంచి ప్రధాన సబ్జెక్టు చేశారు. దానికి అదనంగా పీరియడ్లు కావాల్సి వచ్చి, ఆటల పీరియడ్ తీసేసి అందులో సర్దారు.

చుక్కమ్మకి ఒక మెమో అందింది. పరీక్ష జరుగుతుండగా ఈల ఊది విద్యార్థుల ఏకాగ్రత చెడగొట్టడానికి ప్రయత్నించినందుకు, అనుమతి లేకుండా ఆవరణ విడిచి వెళ్లినందుకు సంజాయిషీ ఇవ్వాలని.

"చిరుత వచ్చింది కదా సార్. మీరూ చూశారు," అంది చుక్కమ్మ.

"చూశానండీ. పైనుంచి ఇంకా బాగా కనబడింది," అన్నారు భల్లూకరావు గారు. "అయినా వెళ్లేముందు ఒక సెలవు చీటీ రాసి పెట్టి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు."

గది బయట దూది ఎదురైంది. కుంటుతున్న కాలు చూసి ఆగిపోయింది.

"టీచర్, మీ కాలికి ఏమైంది?"

చెబుదామని చుక్కమ్మ నోరు తెరిచింది. పక్కనే కిటికీ మీద పంచవర్ణం టీచరు తల ఒక వైపుకి వంచి వింటోంది. చుక్కమ్మ నోరు మూసుకుంది.

"ఏం లేదమ్మా," అంది.

కాబట్టి నీతి ఏమిటంటే, పిల్లలకి కాస్త ఊపిరి ఆడనివ్వాలని మీకెప్పుడైనా అనిపిస్తే ఆ మాట బళ్లో మాత్రం అనకండి, రోజుకి ఎన్నిసార్లు పీల్చారో రాసుకు రమ్మంటారు.